కథ కంచికి వెళ్లే వేళ



కథ అయిపోగానే "కథ కంచికి, మనం ఇంటికి" అనడం మన పెద్దల అలవాటు. మిగతా వూళ్లవాళ్లకు అది వట్టి మాట. మా నగరిలో పెరిగిన పిల్లలకు మాత్రం అది నిజంగా జరిగే ప్రయాణమే. కంచి మాకేమంత దూరం? తిరుత్తణి దాటి, అరక్కోణం దాటితే వచ్చేస్తుంది. చిన్నప్పుడు మా అవ్వ కథ ముగించి ఆ మాట అనగానే, కథ ఒక మూట చంకన పెట్టుకుని ఏకాంబరకుప్పం స్టేషనులో రైలెక్కుతున్నట్లు నాకు కనిపించేది. "మళ్లీ ఎప్పుడొస్తుంది అవ్వా?" అని అడిగేదాన్ని. "పోయిన కథ రాదే తల్లీ, ఇంకో కథ వస్తుంది. పడుకో" అనేది.

ఇవాళ నేను మీతో మాట్లాడదలచుకున్నది ఆ రైలెక్కే కథను గురించే. మన పిల్లలు ఏళ్లతరబడి చదివే మాంత్రికుల కథలు, సాహసాల కథలు వున్నాయి చూశారూ, ఒకదాని తర్వాత ఒకటిగా వచ్చే ఆ పుస్తకాలలో ఆఖరి పుస్తకం గురించి. "ఇంట్లో ఇన్ని పనులుండగా ఇదొక విషయమా?" అనుకోకండి. మా ఇంట్లో ఒక ఆఖరి పుస్తకం ఆరు నెలలపాటు బీరువా మీద వుండిపోయింది. దాన్ని దింపడానికి ఇంటిల్లిపాదికీ ధైర్యం చాలలేదు. అందుకే చెబుతున్నాను.

మా మనవరాలికి పన్నెండేళ్లు. దానికి తొమ్మిదో ఏట నుంచి వాళ్ల తాత దగ్గర కూర్చుని హ్యారీ పోటర్ పుస్తకాలు చదవడం అలవాటైంది. ఆయన రిటైరైన మనిషి. ఇంగ్లీషు బాగా వచ్చు. రాత్రి భోజనాలయ్యాక వరండాలో ఇద్దరూ చెరొక పేజీ పైకి చదివేవారు. ఆ పేర్లేమిటో, ఆ మంత్రాలేమిటో, నేను వంటిల్లు సర్దుకుంటూ సగం సగం వినేదాన్ని. మూడేళ్లలో ఆరు పుస్తకాలు పూర్తి చేశారు. ఏడవది, అంటే ఆఖరిది, కొని తెచ్చారు. అట్ట కూడా వేశారు. దాన్ని మొదలుపెట్టకముందే ఆయన వెళ్లిపోయారు.

తర్వాత ఆ పిల్ల ఆ పుస్తకం ముట్టుకోలేదు. వాళ్లమ్మ ఒకసారి, "చదువుకోరాదటే, తాత నీకోసమే కదా తెచ్చింది" అంటే ఏడ్చి గదిలోకి పోయింది. ఒకరోజు నేను మెల్లగా అడిగాను, ఏంది తల్లీ భయం అని. "అది కూడా చదివేస్తే తాతతో చదవాల్సింది ఇంకేమీ మిగలదు కదవ్వా" అంది.

నాకు నోట మాట రాలేదు. పిల్లలకు ఏం తెలుసులే అనుకుంటాం. అది చెప్పిన మాటలో ఎంత లెక్క వుందో చూడండి. పుస్తకం మూసి వున్నంతకాలం తాత దగ్గర ఇంకా ఒక బాకీ వున్నట్లే! ఆ రాత్రి నిద్రపట్టక, అసలు ఆఖరి పుస్తకమంటే ఏమిటి, అది పిల్లల్ని ఏం చేస్తుంది అని ఆలోచిస్తూ కూర్చున్నాను. నా చిన్నతనమే గుర్తుకొచ్చింది.

మన తరంవాళ్లకు హ్యారీ పోటర్ లేడు. కానీ మనకేం తక్కువ? మనకు చందమామ వుండేది. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణిగార్లు మద్రాసులో మొదలుపెట్టిన ఆ పత్రికలో ప్రతి నెలా ఒక సాహస ధారావాహిక వచ్చేది. 1954లో తోకచుక్కతో మొదలై మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం, రాతిరథం, యక్షపర్వతం, మాయాసరోవరం, భల్లూక మాంత్రికుడు అంటూ పన్నెండు వచ్చాయి. ఈ పేర్లు చదువుతుంటేనే మీలో కొందరికి పాత ఇంటి వాసన వచ్చి వుంటుంది. శిథిలాలయంలో శిఖిముఖి, విక్రమకేసరి ఎంతమందికి గుర్తున్నారు? ఖడ్గవర్మ, జీవదత్తుడు?

మా నాన్నగారు బట్టల వ్యాపారం పనిమీద మద్రాసుకు పోయి వస్తుండేవారు. వచ్చేటప్పుడు సంచీలో చందమామ వుండాలి. లేకపోతే ఆ పూట ఇంట్లో అన్నం సహించేది కాదు. మాది అరవం, తెలుగు కలిసిన వూరు గదా, ఎదురింటి పిల్లలకు అదే పత్రిక తమిళంలో అంబులిమామ పేరుతో వచ్చేది. బొమ్మలు అవే, కథ అదే. వాళ్ల పుస్తకం ఒకరోజు ముందొస్తే, మేము బొమ్మలు చూసి కథ వూహించుకుని, వాళ్లచేత చెప్పించుకునేవాళ్లం. ఆ ధారావాహికలకు బొమ్మలు వేసినవారు చిత్ర అనే చిత్రకారులు. ఆయన గీసిన అడవులు, లోయలు, శిథిలమైన గుళ్లు చూసి చూసి, మా వూరి వెనక వున్న కొండల్లో కూడా ఒక పాతాళదుర్గం వుందని మేము గట్టిగా నమ్మేవాళ్లం. నగరి ముక్కు అని పేరున్న ఆ కొండకొన సముద్రం మీద పోయే ఓడలవాళ్లకు గుర్తుగా వుండేదని పెద్దవాళ్లు చెబితే ఆ నమ్మకం ఇంకా బలపడింది.

ఈ పన్నెండు ధారావాహికలూ వ్రాసినవారు ఒక్కరే, దాసరి సుబ్రహ్మణ్యంగారు. తెనాలి ప్రాంతంవారు. 1952లో చందమామలో చేరి, అర్ధశతాబ్దానికి పైగా అక్కడే పనిచేశారు. 2010లో కన్నుమూశారు. చందమామ సంపాదక బాధ్యతలు చూసిన కొడవటిగంటి కుటుంబరావుగారి పేరైనా సాహిత్యం చదివేవాళ్లకు తెలుసు. సుబ్రహ్మణ్యంగారి పేరు మాత్రం మాబోటి పాఠకులకు బొత్తిగా తెలియదు. ఎందుకంటే ధారావాహిక కింద వ్రాసినవారి పేరు వేసేవారు కాదు. మనం ఇంటిల్లిపాదికీ వండి వడ్డిస్తే, తిన్నవాళ్లు వంట బాగుందంటారే గాని వండినదెవరని అడుగుతారా? అట్లాగే లక్షలమంది పిల్లలు ఆయన వండినది తిని పెరిగారు. ఎన్నో ఏళ్ల తర్వాత ఆ కథలు పుస్తకాలుగా అచ్చయ్యాక గాని ఆ చేయి ఎవరిదో చాలామందికి తెలిసిరాలేదు.

ఇక ఆ ధారావాహిక పనిచేసే తీరు చూడండి. నెలకు కొన్ని పేజీలే. మొదట, జరిగిన కథ నాలుగు మాటల్లో చెప్పేవారు. చివర మాత్రం వీరుడు ఏ లోయ అంచునో వేలాడుతూంటే, ఏ మాంత్రికుడో మంత్రదండం ఎత్తితే, అక్కడ ఆపి "ఇంకా వుంది" అనేవారు. నెలంతా మేము ఆ లోయ అంచున వేలాడేవాళ్లం. ఒక కథ ముగిసిన తర్వాత ఇంకొక కథ మొదలయ్యేది. ఎక్కువభాగం వాటిలో వీరులు కొత్తవాళ్లే. అందువల్ల ఒక కథ అయిపోయిందన్న దిగులు మాలో నిలిచేది కాదు. మా అవ్వ చెప్పినట్లే, పోయిన కథ రాదు, ఇంకో కథ వస్తుంది.

భల్లూక మాంత్రికుడు చదివేనాటికి నాకూ పన్నెండేళ్లే. అది ముగిసింది. ఎప్పటిలాగే ఇంకొకటి వస్తుందని కాచుకున్నాం. ఈ నెల కాకపోతే వచ్చే నెల అనుకున్నాం. రాలేదు. ఆ పత్రిక చాలా ఏళ్లు నడిచింది, పురాణకథలు వచ్చాయి, బేతాళ కథలు వచ్చాయి. ఆ మాంత్రికులు, ఆ లోయలు మాత్రం మళ్లీ రాలేదు. ఇదే ఆఖరిదని మాకెవరూ చెప్పలేదు. చెప్పివుంటే ఇంకొంచెం మెల్లగా చదివేవాళ్లమేమో. ఆ చివరి భాగం వున్న పుస్తకాన్ని పాత కాగితాలవాడికి వేసేవాళ్లం కాదేమో. 2010 దాటిన కొద్ది ఏళ్లకు ఆ పత్రిక కూడా ఆగిపోయింది. దానికీ ఎవరూ సెలవు చెప్పలేదు.

మా మనవరాలి సంగతి ఆలోచిస్తూ నేను పట్టుకున్న మొదటి ముక్క ఇదే. జీవితంలో ముగింపులు చాలావరకు చెప్పకుండానే వస్తాయి. రాత్రి చదివిన పేజీయే ఆయనతో ఆఖరి పేజీ అని ఆ పిల్లకు ఎవరు చెప్పారు? వరండాలో కుర్చీ లోపల పెట్టిన నాకు ఎవరు చెప్పారు? కానీ పుస్తకాల వరుసలో ఆఖరిది అట్లా కాదు. అట్ట మీదనే తెలుస్తుంది. ఎన్ని పేజీలు మిగిలాయో చేతికి తెలుస్తూంటుంది. మనం సిద్ధపడి, తెలిసి, మెల్లగా వీడ్కోలు చెప్పగలిగే ముగింపు పిల్లలకు బహుశా ఇదొక్కటే. దాన్ని వాళ్ల చేతిలోనుంచి లాగేసుకోకూడదు, వద్దని దాచనూ కూడదు.

ఇప్పుడు ఆ పుస్తకం సంగతి. రౌలింగ్ అనే బ్రిటిష్ రచయిత్రి వ్రాసిన ఈ వరుసలో మొదటి పుస్తకం 1997లో వచ్చింది, ఏడవది 2007 జూలై 21న. దాని పేరు హ్యారీ పోటర్ అండ్ ది డెత్లీ హాలోస్. అర్ధరాత్రి దుకాణాలు తెరిస్తే పిల్లలు, పెద్దలు వరుసలు కట్టి నిలబడ్డారు. అమెరికా, బ్రిటన్ రెండు దేశాలలోనే మొదటి ఇరవైనాలుగు గంటల్లో కోటికి పైగా ప్రతులు అమ్ముడయ్యాయి. అంత ఆత్రం ఎందుకంటే, ఇది మన చందమామ ధారావాహికలవంటి వరుస కాదు. ఏడు పుస్తకాలకూ వీరుడు ఒక్కడే. మొదటి పుస్తకంలో పదకొండేళ్ల పిల్లవాడు. ఆఖరి పుస్తకంలో పదిహేడేళ్లవాడు. పుస్తకంతోపాటు చదివే పిల్లలు కూడా పెరిగారు. అందుకని దాని ముగింపు పిల్లలకు ఒక స్నేహితుడు వూరు విడిచిపోయినంత పని చేస్తుంది.

కథలోని కీలకం మనకు కొత్తది కాదు. బాలనాగమ్మ బుర్రకథ వినని వాళ్లెవరు? మాయల ఫకీరు ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలుకలో వుంటుంది. ఆ చిలుక దొరికితే గాని వాడు చావడు. ఈ ఇంగ్లీషు కథలో వోల్డెమార్ట్ అనే మాంత్రికుడు ఇంకా రెండాకులు ఎక్కువ చదివాడు. చావంటే వాడికి మహాభయం. అందుకని తన ప్రాణాన్ని ముక్కలు చేసి ఒక డైరీలో, ఉంగరంలో, పతకంలో, గిన్నెలో, తలకు పెట్టుకునే ఆభరణంలో, చివరికి ఒక పాములో కూడా దాచాడు. డైరీ, ఉంగరం ముందు పుస్తకాల్లోనే నాశనమయ్యాయి. మిగిలినవి వెతికి నాశనం చేయడమే ఆఖరి పుస్తకంలో ముగ్గురు స్నేహితుల పని. చిట్టచివరికి తేలే చేదు నిజం ఏమిటంటే, మాంత్రికుడికే తెలియకుండా ఒక ముక్క ఆ పిల్లవాడిలోనే వుంది. వాడు చావడానికి సిద్ధపడితే తప్ప మాంత్రికుడు చావడు.

ఈ పుస్తకంలో చావులు చాలా వున్నాయి సుమండీ, దాచను. పిల్లవాడు పెంచుకున్న గుడ్లగూబ మొదట్లోనే పోతుంది. నమ్మకంగా వున్న డోబీ అనే చిన్న జీవి పోతుంది. నవ్వుతూ నవ్విస్తూ వున్న కవలల్లో ఒకడు పోతాడు. ఇది తెలిసే మా కోడలు, "ఇప్పుడీ పుస్తకం దానికి ఇవ్వచ్చా అత్తయ్యా?" అని సందేహపడింది. నాకూ సందేహమే. అయితే ఆ పుస్తకం ఏమిటో తెలియకుండా ఇవ్వనూ లేము, వద్దననూ లేము. నాకున్నది పదో తరగతి ఇంగ్లీషు. అందుకని ఒక ఉపాయం చేశాను. "పాపా, తాత నాకు కథ సగమే వినిపించి పోయినాడు. చివర ఏమైందో నాకు తెలియాల. నువ్వు చదివి నాకు తెలుగులో చెప్పు" అన్నాను. అది నా ముఖం చాలాసేపు చూసింది. మరునాడు కుర్చీ వేసుకుని బీరువా మీదినుంచి పుస్తకం అదే దింపింది.

రోజుకు ఒక అధ్యాయం. నేను బియ్యం ఏరుతూనో, చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూనో వినేదాన్ని. విన్నకొద్దీ నాకు తెలిసివచ్చింది, ఇది మాంత్రికుల కథే అయినా దీన్ని నడిపేది తల్లులు. ముగ్గురు తల్లులను గురించి చెబుతాను, వినండి.

మొదటి తల్లి లిలీ. హ్యారీ ఏడాది పిల్లవాడుగా వున్నప్పుడు మాంత్రికుడికి అడ్డం నిలబడి ప్రాణం ఇచ్చింది. ఆ త్యాగమే పిల్లవాడికి ఏడు పుస్తకాలూ రక్షరేకు. బాలనాగమ్మ కథలో కొడుకు తల్లిని విడిపిస్తాడు. ఇందులో చనిపోయిన తల్లి కొడుకును కాపాడుతూనే వుంటుంది.

రెండవ తల్లి నార్సిస్సా. శత్రుపక్షంలో మనిషి. మంచిదని చెప్పలేం. అడవిలో పడివున్న హ్యారీ చచ్చాడో బతికాడో చూడమని మాంత్రికుడు ఆమెను పంపుతాడు. ఆమె వంగి, ఎవరికీ వినబడకుండా, కోటలో వున్న నా కొడుకు బతికే వున్నాడా అని అడుగుతుంది. వున్నాడని తెలియగానే లేచి, హ్యారీ చనిపోయాడని అందరికీ అబద్ధం చెబుతుంది. యుద్ధం గెలుపు ఓటమి ఆమెకు పట్టలేదు. కొడుకు దగ్గరికి పోవాలి, అంతే. అంత పెద్ద మాంత్రికుడు ఒక తల్లి చెప్పిన ఒక్క అబద్ధం ముందు ఓడిపోయాడు.

మూడవ తల్లి మాలీ వీజ్లీ. ఈమె మనలాంటి మనిషి. ఏడుగురు పిల్లల తల్లి. చాలీచాలని సంసారం. ఎప్పుడు చూసినా వంటింట్లో వుంటుంది, ఉన్నితో స్వెట్టర్లు అల్లుతుంది, పిల్లల్ని కేకలేస్తుంది. అనాథ అయిన హ్యారీకి కూడా ఒక స్వెట్టరు అల్లుతుంది. ఈమె ఏం చేయగలదులే అని పాఠకులు కూడా అనుకుంటారు. ఆఖరి యుద్ధంలో ఒక కొడుకు అప్పటికే పోయాడు, కూతురి మీదికి మంత్రం దూసుకువచ్చింది. అప్పుడు ఈ ఇల్లాలు ముందుకు వచ్చి, శత్రుపక్షంలో అందరికన్నా క్రూరమైన మాంత్రికురాలిని ఒంటిచేత్తో పడగొడుతుంది. అది చెబుతూ మా మనవరాలు నా చేతిలో చాట కింద పడేంతగా ఎగిరింది. ఆరు నెలల తర్వాత అది అంతగా నవ్వడం అదే మొదలు.

అయితే నేను భయపడినది అంతకు ముందున్న ఘట్టానికి. ఈ పుస్తకంలో ముగ్గురు అన్నదమ్ముల కథ ఒకటి వస్తుంది. మృత్యువు వాళ్లకు తలా ఒక వరం ఇస్తుంది. పెద్దవాడు ఓటమి లేని మంత్రదండం కోరి, దానికోసమే హత్య చేయబడతాడు. రెండవవాడు చనిపోయినవారిని తిరిగి రప్పించే రాయి కోరతాడు. తాను ప్రేమించిన అమ్మాయిని రప్పిస్తాడు కూడా. ఆమె వస్తుంది గాని నీడలా, ఇక్కడ ఇమడలేక దుఃఖపడుతూంటుంది. అది చూడలేక అతను ప్రాణం తీసుకుంటాడు. మూడవవాడు కనబడకుండా చేసే అంగీ మాత్రం అడుగుతాడు. హాయిగా బతికి, ముసలివాడై, ఆ అంగీ కొడుక్కు ఇచ్చి, మృత్యువుతో పాత స్నేహితుడితో వెళ్లినట్లు వెళ్లిపోతాడు. యముణ్ణి మూడు వరాలడిగిన నచికేతుడు మన కఠోపనిషత్తులో వున్నాడు. మన సావిత్రి యముణ్ణి మాటలతో గెలిచి భర్తను తెచ్చుకుంది. ఈ కథ మాత్రం, పోయినవారిని తెచ్చుకోలేము, తెచ్చుకోకూడదు అని చెబుతుంది.

ఆ రాయి చివరికి హ్యారీ చేతికి వస్తుంది. చావడానికి అడవిలోకి నడుస్తూ, అతను దాన్ని తిప్పుతాడు. చనిపోయిన తల్లీ, తండ్రీ, తనను ప్రేమించిన ఇంకో ఇద్దరూ వచ్చి పక్కన నడుస్తారు. భయం తీరేదాకా తోడు వుంటారు. తర్వాత అతను ఆ రాయిని అడవిలో జారవిడుస్తాడు. మళ్లీ వెతుక్కోడు.

ఇది చెబుతూ చెబుతూ మా పాప ఆగిపోయింది. నేను చిక్కుడుకాయల మీదినుంచి తల ఎత్తలేదు. ఎత్తితే నా కళ్లు అది చూస్తుంది. కాసేపటికి అదే అడిగింది, "అవ్వా, నీ చేతికి ఆ రాయి వస్తే నువ్వేం చేస్తావు?"

పెద్దవాళ్లం గనుక ఏదో నీతి చెప్పాలని నాలుక దాకా వచ్చింది. కానీ అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "ఒక్కసారి తిప్పుతాను తల్లీ. బీరువా తాళంచెవి ఇంకొకటి ఎక్కడ పెట్టినాడో అడిగి, మళ్లీ పొమ్మంటాను" అన్నాను. అది ముందు నవ్వింది, తర్వాత ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఇంట్లో ఆయన పోయిన తర్వాత మేమిద్దరం కలిసి ఏడవడం అదే మొదలు. అంతవరకు దానికి కనబడకుండా నేను, నాకు కనబడకుండా అది, ఎవరి గదిలో వాళ్లం ఏడుస్తూ వచ్చాము.

అక్కచెల్లెళ్లూ, ఇదంతా ఎందుకు చెప్పానంటే, మన ఇళ్లలో పిల్లలు ఇటువంటి ఆఖరి పుస్తకం పట్టుకున్నప్పుడు మనం ఏం చేయాలో కొంచెం ఆలోచించుకోవాలి.

మొదటిది, "అది వట్టి కథేగా" అనకండి. రెండు మూడేళ్లు వాళ్లతో వున్న మనుషులు వాళ్లకు వట్టి కథ కాదు. మనం టీవీలో సీరియల్ అయిపోతే దిగులు పడటం లేదూ? రెండవది, ముగింపు ముందే చెప్పేయకండి. నేను ఇవాళ మీకు చెప్పాను గాని అది మీరు పెద్దవాళ్లు గనుక, పిల్లల చేతికి ఇచ్చేముందు మీకు తెలిసి వుండాలి గనుక. మీవాడు చదవడం పూర్తిచేసేదాకా మీ నోట ఒక్క పేరు కూడా జారనీయకండి. మూడవది, చదివినది మీకు చెప్పమనండి. మీకు ఇంగ్లీషు రాకపోతే మరీ మంచిది, వాళ్లు తమ మాటల్లోకి తెచ్చుకుని చెప్పాలి. తెచ్చుకునేటప్పుడే భయం కొంత కరుగుతుంది. పనులు మానుకుని కూర్చోనక్కరలేదు. చేతిలో పని వుంటేనే పిల్లలు ధారాళంగా మాట్లాడతారు, మనం వాళ్ల ముఖంలోకి చూడం గనుక. నాల్గవది, పుస్తకం అయిపోయిన రోజు పిల్ల ముభావంగా వుంటే, అన్నం సరిగా తినకపోతే, కసురుకోకండి. మళ్లీ మొదటి పుస్తకం నుంచి చదువుతానంటే "చదివిందే ఎన్నిసార్లే" అనకండి. పోయినవాళ్ల ఫొటో మనం ఎన్నిసార్లు తుడుస్తున్నాం?

చిన్నపిల్లలకు, తొమ్మిది పదేళ్లలోపువాళ్లకు, ఈ ఆఖరి పుస్తకం తొందరపడి ఇవ్వవద్దు. మొదటి రెండు మూడు పుస్తకాలు వాళ్లకు చాలు. వరుసలో వచ్చే పుస్తకాలను వయసుతోపాటు చదవడమే పద్ధతి. తెలుగు చదవడం వచ్చిన పిల్లలకు మన దాసరి సుబ్రహ్మణ్యంగారి కథలు కూడా ఇచ్చి చూడండి. అందులో మాంత్రికులు వున్నారు, భయం వుంది, కానీ గుండె మీద అంత బరువు వుండదు. ధైర్యం, యుక్తి, స్నేహం, ఈ మూడింటితోనే వీరులు గట్టెక్కుతారు.

మా మనవరాలు పుస్తకం పూర్తి చేసింది. చివర ఒక చిన్న అధ్యాయం వుంటుంది. పంతొమ్మిదేళ్ల తర్వాత, ఆ పిల్లవాడే తండ్రి అయి, తన పిల్లల్ని బడికి పంపడానికి రైల్వేస్టేషనుకు వస్తాడు. రైలు కదులుతుంది. అతను ప్లాట్‌ఫారం మీద నిలబడి చూస్తాడు. అంతే కథ. ఆ మాట వినగానే నాకు మా అవ్వ, ఏకాంబరకుప్పం స్టేషను, మూట చంకన పెట్టుకున్న కథ, అన్నీ ఒక్కసారి గుర్తుకొచ్చాయి. ఎక్కడి ఇంగ్లండు, ఎక్కడి నగరి! వాళ్ల కథ కూడా రైలెక్కే పోయింది.

పాప పుస్తకం మూసి, తాత వేసిన అట్ట మీద చేత్తో ఒకసారి రాసింది. దాన్ని మళ్లీ బీరువా మీద పెట్టలేదు. మిగతా ఆరింటి పక్కన, అరలో పెట్టింది. తర్వాత వచ్చి, "అవ్వా, నీ చిన్నప్పటి ఆ భల్లూక మాంత్రికుడి కథ ఏంది? చెప్పు" అని నా పక్కన చాప మీద కూర్చుంది. గుర్తున్నంతవరకు మొదలుపెట్టాను.

మీ ఇంట్లో ఏ బీరువా మీదనైనా ఒక పుస్తకం అలా వుండిపోయి వుంటే, ఈ సాయంత్రం దింపి చూడండి.